ఆటలు, సెల్‌ఫోన్లు, ఊరి నీళ్లు
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శి సాహెబు గారు ఈ యేడు మాకు ఇవ్వదలచిన విషయము "సెల్‌ఫోను వలన పిల్లలు చెడిపోవుట". ఆ ప్రసంగము మీరందరూ మీమీ ఇండ్లలో రోజూ చేయుచునే యున్నారు. మేమూ మా ఇంట్లో చేస్తూనే ఉన్నాము. వినేవాళ్లే లేరు. కాబట్టి విషయాన్ని కొంచెం తిప్పి మాట్లాడతామని అడిగి, ఆయన్ను ఒప్పించుకొన్నాము. పిల్లలు ఆట వదలరు, ఫోను వదలరు. సరే, ఆ ఆటతోనే, ఆ ఫోనుతోనే వాళ్లను, వాళ్లతోపాటు మనల్ని కూడా, ఊరి నీళ్లవైపు, ఊరి చెత్తవైపు, ఊరి చెట్టువైపు తిప్పే దారి ఏదైనా ఉన్నదా? ఇదీ ఈ పూట విషయము. ఇది ఊసుపోక చెప్పే మాట కాదు. ఇంకో గంటలో మన సర్వసభ్య సమావేశం ముందుకు షాదీఖానా ఆవరణలో నాలుగో బోరు వేయించే తీర్మానం వస్తున్నది. దానికీ దీనికీ సంబంధం ఉన్నది. అక్కడికే వస్తాము, కాస్త ఓపిక పట్టండి.

ముందుగా ఒక అడ్డు తొలగించుకోవాలి. ఆట అనగానే మన పెద్దలలో కొందరికి జూదం గుర్తుకు వస్తుంది. న్యాయమే. ఫోనులో పేకాట ఆడి ఇల్లు గుల్ల చేసుకొన్నవాళ్లను మన వీధుల్లోనే చూశాము. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ ఫోనుల మీద డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి ఒక చట్టం చేసి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. ఆ చట్టంతో మాకు పేచీ లేదు. మేము చెప్పబోయే ఆటల్లో పైసా పందెం లేదు. చదివితే నవాబువవుతావు, ఆడితే ఖరాబవుతావు అని మన ఇళ్లలో ఒక సామెత ఉన్నది గదా. ఆ సామెత చెప్పిన పెద్దలే వానాకాలం రాత్రుళ్లు పచ్చీసు పరచుకొని కూర్చొనేవారు. దాన్ని గురించి మాత్రం ఎవరూ సామెత కట్టలేదు.

ఆటతో పాఠం చెప్పడం మన దేశంలో కొత్త కాదు. తెలుగువారి వైకుంఠపాళి ఉన్నది, అదే పాములు నిచ్చెనల పటము. మంచి గుణానికి నిచ్చెన, చెడ్డ గుణానికి పాము. అదే పటాన్ని సూఫీలు తమ దారికి మలచుకొని షత్రంజుల్ ఆరిఫీన్ అని పేరు పెట్టుకొన్నారు. తరువాత ఇంగ్లీషువాళ్లు దాన్ని తమ దేశానికి తీసుకుపోయి, గుణాలన్నీ క్రమంగా చెరిపేసి, ఒట్టి పాములూ నిచ్చెనలూ మిగిల్చి మనకే తిరిగి అమ్మారు. అది అలా ఉంచండి.

ఇప్పుడు అసలు సంగతి. మన రాష్ట్రంలోనే, మనలాగే బోరునీళ్లమీద బతికే పల్లెల్లో, ఒక ఆట ఆడించారు. ఆడించినవారు ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే స్వచ్ఛంద సంస్థవారు, వాషింగ్టన్‌లో ఉండే అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థవారు, వారితో కలిసిన మరికొందరు పండితులు. ఈ ప్రయోగం ఫలితాలు 2018లో వరల్డ్ డెవలప్‌మెంట్ అనే పత్రికలో వచ్చాయి. ఆట చాలా చిన్నది. కొందరు రైతులు కూర్చుంటారు. అందరి కింద ఉన్న నీరు ఒక్కటే. ప్రతి పంటకాలంలో ఒక్కొక్కరు ఏ పంట వేస్తారో చెప్పాలి. ఒక పంట నీరు తక్కువ తాగుతుంది, రాబడి తక్కువ. ఇంకో పంట నీరు ఎక్కువ తాగుతుంది, రాబడి ఎక్కువ. ఎవరి ఇష్టం వారిది. కొన్ని ఆటల్లో ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, కొన్నింటిలో మాట్లాడుకోవచ్చు. ఆట అయిపోయాక ఊరివాళ్లందరినీ కూర్చోబెట్టి, ఏమి జరిగింది, ఎందుకు జరిగింది అని చర్చ పెట్టేవారు. ఏడాది తరువాత మళ్లీ అవే ఊళ్లకు వెళ్లి, కాస్త మార్చి మళ్లీ ఆడించారు.

తేలింది ఏమిటో వినండి. మాకు ఆశ్చర్యం కలిగించిన సంగతులు ఇందులో రెండు ఉన్నాయి. మొదటిది. మాట్లాడుకొనే అవకాశం ఇస్తే జనం నీరు పొదుపు చేస్తారని మనం అనుకొంటాం. మొదటి ఏడు అలా జరగలేదు. రెండో ఏడు జరిగింది. అంటే నోరు ఉన్నంత మాత్రాన చాలదు, ఒకసారి దెబ్బ తిని, ఆలోచించుకొని వచ్చినవాళ్ల మాటకే విలువ వచ్చిందని మేము అర్థం చేసుకొన్నాము. రెండోది. ఆటలో ఎంత సంపాదిస్తే అంతకు తగ్గట్టు మనిషికి నిజమైన డబ్బు ఇచ్చి చూశారు. దానివల్ల పంట ఎంపికలో తేడా ఏమీ రాలేదు. చదువు, ఆడ మగ తేడా, ఒకరిమీద ఒకరికున్న నమ్మకం, వీటన్నింటికంటె రెండోసారి ఆడడమో, ఆటను మార్చిన తీరో ఎక్కువ పనిచేసింది.

ఇక అన్నింటికంటె ముఖ్యమైనది ఆట బయట జరిగింది. ఆ సంస్థవారు పనిచేసే మిగతా ఊళ్లతో పోలిస్తే, ఆట ఆడిన ఊళ్లలో ఎక్కువ ఊళ్లు నీటి రిజిస్టరు పెట్టుకొన్నాయి, బోరునీటి వాడకానికి కట్టుబాట్లు చేసుకొన్నాయి. ఆటతోనే భూగర్భజలం పెరుగుతుందని ఆ పండితులు కూడా చెప్పలేదు. వాన ఉండాలి, కరెంటు విధానం ఉండాలి, పంటకు ధర ఉండాలి. కాని కంటికి కనపడని నీటిని అందరూ ఒకేసారి చూడగలిగేటట్టు చేసింది ఆట.

ఈ కంటికి కనపడకపోవడం అనేదే మన జబ్బు. చెరువు ఎండితే ఊరంతా చూస్తుంది. బావిలో నీరు దిగితే చేదతాడు పొడవు చెబుతుంది. బోరు అలా చెప్పదు. ఇవాళ పోస్తుంది, రేపు గురగురమంటుంది, ఎల్లుండి గాలి తంతుంది. పక్కవాడి మోటారు మన నీరు లాగుతున్నదో, మన మోటారు వాడి నీరు లాగుతున్నదో ఎవరికీ తెలియదు.

ఈ సంగతి చదివినాక మేము ఊరుకోలేకపోయాము. మా ఎనిమిదో తరగతిలో అదే పద్ధతిన ఒక ఆట తయారు చేసుకొన్నాము. ఖర్చు ఏమీ లేదు, చింతగింజలూ ఒక స్టీలు గిన్నె. గిన్నెలో 50 గింజలు పోశాము. అదే భూమిలోని నీరు. అయిదుగురు పిల్లలు అయిదుగురు రైతులు. కొర్ర వేసినవాడు గిన్నెలోంచి 1 గింజ తీయాలి, వానికి 2 రూపాయలు రాబడి, బోర్డుమీద రాసేదే. వరి వేసినవాడు 3 గింజలు తీయాలి, వానికి 5 రూపాయలు. ప్రతి కారు చివర వాన కింద మేము 5 గింజలు గిన్నెలో వేస్తాము. అయిదుగురూ కొర్ర వేస్తే అయిదు పోతాయి, అయిదు వస్తాయి. గిన్నె ఎప్పటికీ నిండుగా ఉంటుంది. అయిదుగురూ వరి వేస్తే 15 పోయి 5 వస్తాయి. లెక్క ఇంతే. పెద్ద గణితం కాదు, ఎనిమిదో తరగతివాళ్లకు ఇది లెక్కే కాదు.

మొదటిసారి మాట్లాడుకోవద్దన్నాము. అయిదుగురూ మొదటి కారులోనే వరి వేశారు. 50 కాస్తా 40, తరువాత 30, 20, 10. అయిదో కారుకు గిన్నెలో పది గింజలు, కావలసింది పదిహేను. ముందు చెయ్యి పెట్టిన ముగ్గురికి వరి దక్కింది, నాలుగోవాడు కొర్రకు దిగినాడు, అయిదోవాడి చేతికి గిన్నె అడుగు తగిలింది. ఆ పిల్లవాడు మా ముఖం చూసి, "సార్, ఇది నా తప్పా?" అన్నాడు. మేము జవాబు చెప్పలేదు. తరగతిలో ఉన్న 34 మందిలో ఒక్కరూ నవ్వలేదు. అంతకు ముందు రెండు నిమిషాలు అందరూ ఈలలు వేస్తున్నవాళ్లే.

రెండోసారి మాట్లాడుకోండి అన్నాము. పెద్దమనుషుల్లాగా తలలు దగ్గర పెట్టి ఒప్పందం చేసుకొన్నారు, అందరూ కొర్రే అని. మూడు కార్లు మాట నిలిచింది. నాలుగో కారులో ఒకడు వరి వేశాడు. "ఒక్కడు వేస్తే ఏమవుతుందిలే" అన్నాడు. ఆ మాట మనం ఎక్కడో విన్నట్టు ఉన్నది గదా! అయిదో కారులో ముగ్గురు వేశారు, ఆరో కారునుంచి అందరూ. తొమ్మిదో కారుకు గిన్నెలో 12 గింజలు, మళ్లీ చాలలేదు. కొట్లాట మొదలైంది, బెల్లు కొట్టి ఆపవలసి వచ్చినది.

పై వారం మళ్లీ ఆడతామని పిల్లలే అడిగినారు. ఈసారి ఒక అమ్మాయి లేచి, "ఎవరు ఎన్ని గింజలు తీశారో నేను బోర్డుమీద అందరికీ కనపడేలా రాస్తాను, గిన్నెలో ఎన్ని మిగిలాయో కూడా రాస్తాను" అన్నది. దొంగతనం పట్టుకోవడానికి కాదట, లెక్క మరిచిపోకుండా ఉండటానికట. వంతులవారీగా కారుకు ఒక్కరు మాత్రమే వరి వేసుకొనేటట్టు వాళ్లే ఏర్పాటు చేసుకొన్నారు. పన్నెండు కార్లు ఆడి మేమే ఆపేశాము. కారుకు రెండు గింజల చొప్పున తగ్గుతున్నది, 26 మిగిలాయి. "ఇట్లా అయినా ఒకనాటికి అయిపోతుంది గదా సార్, నడుమ ఒక కారు ఎవరూ వరి వేయకుండా ఉంటే?" అని ఇంకొకడు. అప్పటికీ అది తగ్గకుండా నిలుస్తుందే గాని పెరగదని బోర్డు దగ్గరి అమ్మాయి చెప్పింది. ఇరవై యేళ్ల మా ఉద్యోగంలో పిల్లలు తమంతట తాము ఇంత లెక్క చేయడం చాలా తక్కువసార్లు చూశాము.

మరునాడు ఒక తండ్రి బడికి వచ్చారు. ఆటో నడుపుతారు, నిక్కచ్చి మనిషి. "సార్, పాఠం చెప్పమని పంపితే గింజలాట ఆడిస్తున్నారంట" అన్నారు. కూర్చోబెట్టి ఆయనతోనూ ఆడించాము. ఆయన కూడా వరే వేశారు.

ఆటలోని లెక్క నిజమైన పొలంలోకి రాదని మీరు అనవచ్చు. వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, 2000 తరువాతి దశకంలో, రైతులే భూగర్భజలాన్ని చూసుకొనే పథకం ఒకటి నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలవి. వానను రైతులే కొలిచారు. బోర్లలో నీటిమట్టం రైతులే కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఇంత నీరు ఉన్నది, ఇన్ని పంటలకు ఇంత కావాలి అని నీటి బడ్జెట్టు వేసేవారు. ఫలానా పంట వేయకూడదని ఎవరూ ఎవరినీ ఆజ్ఞాపించలేదు. లెక్క అందరి ముందూ పెట్టారు, నిర్ణయం ఎవరిది వారికే వదిలారు. బోర్డుమీద రాస్తానన్న మా అమ్మాయి చేసిందీ అదే. ఆమెకు ఆ పథకం సంగతి తెలియదు, పుట్టనే లేదు అప్పటికి.

ఇక సెల్‌ఫోను, కంప్యూటరు ఆటల దగ్గరికి వద్దాము. మీ ఇళ్లలో పిల్లలు మైన్‌క్రాఫ్ట్ అనే ఆట ఆడుతూ ఉంటారు, గమనించే ఉంటారు. అన్నీ చదరపు దిమ్మెలు. వాటితో ఇల్లు, కోట, వంతెన, ఏది కావాలంటే అది కడతారు. స్వీడన్ దేశంలో పుట్టిన ఆట ఇది, 2011లో పూర్తిగా విడుదలైంది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆవాసాల సంస్థ, ఆ ఆట కంపెనీవారూ కలిసి బ్లాక్ బై బ్లాక్ అనే పని మొదలుపెట్టారు. ఒక పేద బస్తీలో పాడుపడిన మైదానమో, చెత్తకుప్పగా మారిన స్థలమో ఉంటుంది. ఇంజనీరు గీసిన నక్ష బస్తీవాళ్లకు అర్థం కాదు. అర్థం కాకపోయినా తల ఊపుతారు. మనమూ ఊపుతాము, మునిసిపాలిటీ సమావేశాల్లో. అందుకని ఆ స్థలాన్నే మైన్‌క్రాఫ్టులో కట్టి, బస్తీ జనాన్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఇక్కడ మీకేమి కావాలో మీరే కట్టి చూపండి అన్నారు. మొదట్లో కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా బస్తీలో చేశారు. మన ముంబైలో గౌతమ్ నగర్ బస్తీ దగ్గరి లోటస్ గార్డెన్ అనే చిన్న తోట విషయంలోనూ ఇట్లా చేశారు. వియత్నాంలో హనోయ్ శివారు కిమ్ చుంగ్ అనేచోట బడిపిల్లలైన అమ్మాయిలు, తాము నడిచే దారి ఎక్కడ భయంగా ఉంటుందో, ఎట్లా ఉంటే భయం పోతుందో ఆటలో కట్టి అధికారులకు చూపారు. పద్నాలుగేళ్ల అమ్మాయి లేచి కార్యాలయంలో మాట్లాడాలంటే గొంతు పెగలదు. కట్టి చూపమంటే చూపుతుంది. ఈ సంగతి మా ఆడపిల్లల తరగతుల్లో మాకు రోజూ అనుభవమే.

మరో ఉదాహరణ త్వరగా చెబుతాము. ఫోనులో ఆట ఆడేటప్పుడు నడుమ ప్రకటనలు వచ్చి విసిగిస్తాయి గదా. 2020 చివరి నెలల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారు, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు కలిసి ఆ ప్రకటన వచ్చేచోట ప్రశ్నలు పెట్టారు. వాతావరణ మార్పు అత్యవసర సమస్యేనా, మీ ప్రభుత్వం ఏమి చేయాలి, అని. 50 దేశాల్లో, 17 భాషల్లో, 12 లక్షల మంది జవాబిచ్చారు. అందులో 5 లక్షలకు పైగా 18 ఏళ్ల లోపువారు. వాళ్లలో చాలామందికి ఎన్నికల్లో ఓటు లేదు, వాళ్లను అడిగినవాళ్లూ లేరు. అత్యవసరమే అన్నవారు నూటికి 64 మంది. మంచిదే. అయితే వేలితో ఒకసారి నొక్కి మళ్లీ ఆటలోకి పోవడాన్ని పౌరబాధ్యత అనడానికి మాకు మనసొప్పదు. అది అడగడం వరకే. చేయడం వేరు.

చేయడానికి మాకు నచ్చినది పిట్టల లెక్క. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పిట్టలను లెక్కిస్తారు. మన దేశం 2013 నుంచి ఇందులో చేరింది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పిట్టలన్నీ రాసుకొని, ఈబర్డ్ అనే యాప్‌లో ఎక్కించాలి. అంతే పని. ఇట్లా మామూలు జనం రాసిన లెక్కలనుంచే 2023లో భారతదేశ పక్షుల స్థితి అనే నివేదిక తయారైంది. 30 వేలమందికి పైగా రాసిన 3 కోట్ల నమోదులు, 942 రకాల పిట్టలు. ఏ పిట్ట తగ్గుతున్నదో, దేన్ని ముందుగా కాపాడుకోవాలో ప్రభుత్వానికి చెప్పే కాగితం అది. మన సలీం అలీ సాహెబు 1930ల తొలినాళ్లలో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పిట్టల సర్వే చేశారు. అంత కష్టం పడకుండా ఆయన వదిలిన పనిలో మన పిల్లవాడు మిద్దెమీద నిలబడి ఒక వరుస రాయవచ్చు. ఫోను అదే ఫోను.

ఇప్పుడు జాగ్రత్తలు చెప్పాలి, లేకపోతే మేము ఫోను కంపెనీ తరఫున వచ్చామనుకొంటారు.

ఒకటి, బహుమతుల సంగతి. ఇట్లాంటి యాప్‌లు చేసేవాళ్లు దేనికైనా పాయింట్లు, బిళ్లలు, పట్టికలు పెడతారు. 1973లో అమెరికాలో ముగ్గురు మనోవిజ్ఞాన పండితులు, లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనేవారు, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలను తీసుకొని, కొందరికి "వేస్తే యోగ్యతా పత్రం ఇస్తాము" అని ముందే చెప్పారు. వాళ్లు వేశారు, పత్రం తీసుకొన్నారు. తరువాత ఖాళీ సమయంలో చూస్తే, పత్రం ఆశ చూపని పిల్లలకంటె ఈ పిల్లలే బొమ్మల జోలికి తక్కువ పోయారు. ఇష్టమైన పని కూలిపని అయిపోయిందన్నమాట. ఇందాక చెప్పిన పల్లెల ఆటలో డబ్బు ఇచ్చినా తేడా రాలేదన్నది కూడా గుర్తుంచుకోండి. మా బడిలో మొక్కలు నాటినవారికి సర్టిఫికెట్లు ఇవ్వడం ఈ కారణంచేతనే మానేశాము. మొక్కలు నాటేవాళ్లు తగ్గారు, నీళ్లు పోసేవాళ్లు తగ్గలేదు.

పట్టణాల మధ్య పోటీ కూడా ఒక ఆటే. 2016లో 73 పట్టణాలతో స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలైంది. పోటీవల్ల చెత్త బండ్లు పెరిగాయి, వీధులు కొంత బాగుపడ్డాయి, కాదనము. అయితే తొలి సంవత్సరాల్లో స్వచ్ఛతా యాప్ ఎంతమంది దించుకొన్నారనేదానికి కూడా మార్కులు ఉండేవి. మార్కు దేనికి పెడితే జనం దాన్నే చేస్తారు. పరీక్షలు పెట్టేవాళ్లము, ఈ విషయం మాకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

రెండోది మన పిల్లలకే జరిగింది. మా తరగతి పిల్లలు నలుగురు బడి వెనుక మురుగుకాలువ ఫొటో తీసి ఒక కార్యాలయం వారి యాప్‌లో ఫిర్యాదు పెట్టారు. మూడోనాడు "పరిష్కరించబడినది" అని జవాబు వచ్చింది, పచ్చటి గుర్తుతో సహా. పిల్లలు పరుగెత్తి వెళ్లి చూస్తే కాలువ కాలువలాగే ఉన్నది. మళ్లీ పెట్టారు, మళ్లీ పచ్చగుర్తు. మూడోసారి పెట్టమంటే ఎవరూ పెట్టలేదు. ఈ దెబ్బ కాలువ దుర్వాసనకంటె చెడ్డది. పదమూడేళ్లకే "చెప్పినా లాభం లేదు" అని నేర్చుకొన్నవాడు నలభైయేళ్లకు ఏ సంఘానికి పనికివస్తాడు? చివరకు ఆ ఫొటోలు అచ్చు వేయించి, పిల్లలను వెంటబెట్టుకొని, కాగితం దరఖాస్తుతో పోయి రసీదు తీసుకొన్నాము. పదిరోజులకు మనుషులు వచ్చారు. యాప్‌తో పాటు కాళ్లు కూడా కావాలి.

మూడోది ఆ పక్క హాలులోనివారికి సంబంధించినది, ఈ హాలులోనివారు వినవలసినది. కరోనా కాలంలో పాఠాలన్నీ ఫోనులోకి వెళ్లినప్పుడు, ఇంటికి ఒకే ఫోను ఉన్నచోట అది ఎవరి చేతిలో ఉండేదో మాకు హాజరుపట్టీ చెప్పింది. అన్న ఉండేవాడు, చెల్లెలు ఉండేది కాదు. ఇవాళ పిట్టల లెక్క అన్నా, నీటి లెక్క అన్నా, ఫోను అబ్బాయి జేబులోనే ఉంటే ఆ లెక్క సగం ఊరిదే. నీళ్లు పట్టేది, మోసేది, సర్దేది ఎవరు? వారి చేతిలో ఫోను లేదు. ఫోను ఉన్నవాడికి బిందె ఎంత బరువో తెలియదు. అబ్బాజాన్‌లు కోపగించుకోకండి, ఇది మా ఇంటి సంగతి కూడా.

ఇక బోరు దగ్గరికి వస్తున్నాము.

షాదీఖానాలో మొదటి బోరుకు 280 అడుగుల్లో గంగ పడింది. రెండోది 520కి పోయింది. మూడోది 800 దాటించి వేశాము, ఆ చందాల వసూలుకు తిరిగినవాళ్లు చాలామంది ఇక్కడే ఉన్నారు. ఇప్పుడది ఎండాకాలంలో అరగంట పోసి గాలి తంతున్నది. ఆ నీటిమీద మన హాస్టలు పిల్లలు, చుట్టుపక్కల నలభై ఇళ్లు, పెళ్లిళ్లు, వలీమాలు అన్నీ నడవాలి. కనుక నాలుగోది వేద్దామని తీర్మానం. ఎన్ని అడుగులకో రాయలేదు. బోరు బండివాడు చెప్పినంత అన్నమాట. వాల్టా చట్టం, 2002 ప్రకారం అనుమతి కూడా తీసుకోవాలి. ఆ సంగతి తీర్మానంలో లేదు.

మేము నాలుగో బోరు వద్దనడం లేదు. హాస్టలు పిల్లల్లో మా శిష్యులే ఎక్కువ. వాళ్లు దప్పికతో ఉంటే మేము ఇక్కడ ప్రసంగాలు చేయడం సిగ్గుచేటు. ఈ ఎండాకాలానికి తాగే నీటికి ట్యాంకరు ఏర్పాటు చేసి, బోరు తీర్మానాన్ని ఆరు నెలలు ఆపమని మాత్రమే మనవి. ఎందుకంటే ఒక్క వలీమా రోజున ఎన్ని లీటర్లు పోతున్నదో మన కార్యవర్గంలో ఎవరికీ తెలియదు. హాస్టలు ఎంత వాడుతుందో తెలియదు, నలభై ఇళ్లు ఎంత వాడుతాయో తెలియదు, మిద్దెమీది తొట్టి పొంగి ఎంత వీధిపాలవుతుందో అది మొదలే తెలియదు. ఎవరూ రాయలేదు గనుక తెలియదు. తెలియని లెక్కకు లక్షల చందా ఎత్తడం ఏ కోశాధికారికీ ధర్మం కాదు.

ఈ ఆరు నెలల్లో చేయవలసినది పిల్లలు చేస్తారు. మోటారు పైపుకు ఒక మీటరు బిగించాలి, ఆ ఖర్చు సంఘానిది. ఉదయం సాయంత్రం మీటరు అంకె ఇద్దరు పిల్లలు ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతారు. ప్రతి వారం ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఆ గ్రూపులో ఇప్పుడు వచ్చేవి గులాబీ పువ్వుల శుభోదయాలు. నడుమ ఒక అంకె వస్తే ఎవరికీ నష్టం లేదు. వానకొలత పాత్ర బడిలో ఉన్నది. ఎండిపోయిన రెండో బోరులో నీటిమట్టం నెలకోసారి తాడు దించి చూడవచ్చు. ఇవన్నీ షాదీఖానా గోడమీద, వీధిలో పోయేవారికి కూడా కనపడేటట్టు, ఉర్దూలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయిస్తాము. మిద్దెమీది వాననీరు ఇప్పుడు కాలువలో కలుస్తున్నది, దాన్ని పాత బోరు పక్క ఇంకుడుగుంతకు మళ్లించడానికి ఎంతవుతుందో మన సభ్యుల్లోనే ఉన్న మేస్త్రీలు లెక్క చెప్పగలరు. ఆరు నెలలు గడిచాక ఆ అంకెలు పట్టుకొని నాలుగో బోరు గురించి వాదించుకుందాము. అప్పుడు కూడా కావాలని తేలితే మొదటి చందా మేమే రాస్తాము, ఈ మాట మినిట్సులో రాసుకోండి.

అంతకన్నా ముందు, ఆ నీటిమీద బతికే నలభై ఇళ్లవారితో, హాస్టలు వంటవారితో, షాదీఖానా తాళంచెవి ఉన్నవారితో ఒక పూట చింతగింజల ఆట ఆడించాలని ఉన్నది. వచ్చే ఆదివారం, అసర్ తరువాత, మా బడి వరండాలో. ఇంటికి ఇద్దరు రావాలి, అందులో ఒకరు ఇంట్లో నీళ్లు పట్టేవారై ఉండాలి. అంటే మన మగవాళ్లలో చాలామంది ఆ లెక్కలోకి రారు, తోడుగా మాత్రం రావచ్చు. ఆడవారికి వేరే గదిలో వేరే గిన్నె ఉంటుంది, ఆడించేది ఆ బోర్డుమీద రాసిన అమ్మాయే. గింజలు మేము తెస్తాము. పై ఏడు ఇదే నెలలో మళ్లీ ఒకసారి ఆడాలి, తేదీ ఇప్పుడే రాసిపెట్టుకోండి. టీకి కోశాధికారి గారు ఒప్పుకొన్నారు. బిస్కట్ల సంగతి ఇంకా తేల్చలేదు.